సొంతంగా సర్వే నేర్చుకుందాం – 3వ భాగం: ఎన్నాళ్ల లెక్క అడగాలి?

పోయిన భాగంలో మన ప్రశ్న తేల్చుకున్నాం: మన వీధిలో ఒక్కో ఇంటికి కూరగాయలకి ఎంత ఖర్చవుతుంది? వాళ్ల వంటింట్లో కూర్చుని చూడలేం, తోపుడుబండి మీద కొన్నదానికి బిల్లు ఉండదు, కాబట్టి ఇంటింటికీ వెళ్లి అడగాల్సిందే. సరే, ఏమని అడుగుతారు?

"నెలకి ఎంతవుతుందమ్మా?" అని మాత్రం అడక్కండి. నేను మొదట్లో అలాగే అడిగేదాన్ని. వెయ్యి, పదిహేను వందలు, రెండు వేలు అంటూ అన్నీ గుండ్రటి అంకెలే వచ్చేవి. రోజూ పాతికకీ యాభైకీ కొన్నవి నెలాఖరుకి ఎవరికి గుర్తుంటాయి చెప్పండి?

ఈ చిక్కు, దేశమంతటా ఇళ్లకి వెళ్లి ఖర్చులు అడిగే ప్రభుత్వ సర్వే అయిన జాతీయ నమూనా సర్వేకీ వచ్చింది. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ చొరవతో 1950లో మొదలైన ఆ సర్వేలో తిండి ఖర్చు చాలాకాలం 30 రోజులదే అడిగేవారు. 1994-98 మధ్య కొన్ని ఇళ్లలో 30 రోజులకీ, వేరే ఇళ్లలో 7 రోజులకీ అడిగి చూస్తే, 7 రోజుల లెక్కని నెలకి కట్టినప్పుడు ఖర్చు ఎక్కువ తేలింది. అక్కడిదాకా పద్ధతిగానే ఉంది. 1999-2000లో మాత్రం రెండు ప్రశ్నలూ ఒకే ఇంట్లో, ఒకే ఫారంలో పక్కపక్కన పెట్టేశారు. ఒకదానికి చెప్పిన జవాబుకి సరిపోయేలా మనిషి రెండోది చెబుతాడు కదా! దేశంలో పేదరికం లెక్కకట్టేది ఈ సర్వేలో తేలిన ఖర్చుల్ని బట్టే. అందుకే ఆ ఏడాది తేలిన 26 శాతం పేదరికాన్ని 1993-94 నాటి 36 శాతంతో అసలు పోల్చవచ్చా అని ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. దేశంలో పేదలెందరన్న లెక్కే ఫారంలో రెండు గళ్ల దగ్గర చిక్కుకుపోయింది, నన్నడిగితే సర్వే చేసే ప్రతివాళ్లూ ముందు చదవాల్సిన సంగతి ఇది.

కూరగాయలకి 7 రోజులు అడగండి. వారానికోసారి సంత జరిగే ఊళ్లో అయితే 'నిన్న ఎంత కొన్నారు' అన్న ప్రశ్న పనికిరాదు, సంత మర్నాడు వెళితే ఒకలా, రెండు రోజులాగి వెళితే ఇంకోలా వస్తుంది. బియ్యం బస్తా నెలకోసారి తెచ్చుకునేవాళ్లని 30 రోజులకి అడగాలి. బట్టలకి ఏడాది.

వచ్చే వారానికి మీ పని: 20 ఇళ్ల నంబర్లు చీటీలు రాసి కలిపి, పది ఇళ్లు పక్కకి తీయండి. ఆ పదింటినీ 7 రోజులకి, మిగతావాటిని 30 రోజులకి అడగండి, ఏ ఇంట్లోనూ రెండూ వద్దు. వంట చూసుకునేవాళ్లే జవాబు చెప్పాలి. 7 రోజుల మొత్తాన్ని 30తో హెచ్చవేసి 7తో భాగించి, రెండు సగటులూ పక్కపక్కన రాసి ఉంచుకోండి. తలుపు తీయని ఇళ్లని కూడా రాయండి, వాటి సంగతి 4వ భాగంలో చూద్దాం.