పెరట్లోంచి ఒకసారి కేకేసి చూడండి

మా కోడలు పురిటి మంచం మీదే చెప్పేసింది: "అత్తయ్యా, పాపకి విదేశీ పేరు పెట్టుకుంటాం. చుట్టుపక్కల ఇంకెవరికీ లేనిది." నేను సరేనన్నాను. చీపురుపల్లి, గరివిడి వైపు ప్రాథమిక పాఠశాలల్లో ముప్పై మూడేళ్ళు అడ్మిషన్ రిజిస్టరు రాసినదాన్ని. పేరు ఏ దేశానిదన్న సంగతి ఏ పిల్లనీ బాధపెట్టగా నేను చూడలేదు. నోరు తిరగని పేరు, పిల్ల తన చేత్తో రాసుకోలేని పేరు, కాగితానికొక రకంగా ఉన్న పేరు మాత్రం పదో తరగతి దాటాక కూడా వెంటాడాయి. ఇరవై ఒకటో రోజు బారసాల లోపు మేం పేరుని ఎలా వెతికామో, దానికి ఏయే పరీక్షలు పెట్టామో రాస్తున్నాను. మీ ఇంట్లో ఉయ్యాల వేసే రోజు దగ్గరపడుతుంటే పనికొస్తుంది.

మొదట పెద్దవాళ్ళు గొణుగుతారు. వాళ్ళకి నేను చెప్పింది ఇదీ. మన రిజిస్టర్ల నిండా దేవుళ్ళ పేర్లు, దేవుళ్ళున్న ఊళ్ళ పేర్లు: అప్పలనాయుడు, పైడిరాజు, నూకాలమ్మ, సూర్యనారాయణ, కూర్మారావు, ముఖలింగం. సింహాచలం అయితే మగపిల్లలకీ పెడతారు, ఆడపిల్లలకీ పెడతారు. వాటి మధ్యనే పరదేశి, పరదేశమ్మ, పకీరునాయుడు కూర్చుని ఉంటారు. ఫకీరు అరబ్బీ మాట, బీదవాడని అర్థం. ఎర్రజెండా ఎగిరిన ఊళ్ళల్లో లెనిన్లూ స్టాలిన్లూ పెరిగి పెళ్ళిళ్ళు చేసుకున్నారు. మన నోటికి లొంగిన పేరల్లా ఇక్కడ ఉండిపోయింది.

లొంగని పేరు ఏమవుతుందో చెప్పాలంటే నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తండ్రి కూతుర్ని ఒకటో తరగతిలో చేర్చడానికి వచ్చి 'స్వెత్లానా' అన్నాడు. రష్యా పుస్తకాలు చదివి ముచ్చటపడి పెట్టుకున్న పేరు. నాకు సరిగా వినపడలేదు, రెండోసారి అడగడానికి మొహమాటపడ్డాను. 'శ్వేతలీన' అని రాశాను. ఆయన సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. రిజిస్టరులోది టీసీలోకి, టీసీలోది పదో తరగతి సర్టిఫికెట్‌లోకి పోయింది. ఆ అమ్మాయి పెద్దదయ్యాక బజారులో కనిపించి, "టీచరుగారూ, నాన్న పెట్టిన పేరు ఇంట్లోనే ఉండిపోయిందండీ" అంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నుంచి ఏ పేరైనా తండ్రి చేత, తల్లి చేత కాగితం మీద రాయించుకుని, చదివి వినిపించి, ఆ తర్వాతే రిజిస్టరులో ఎక్కించాను. చాలా ఏళ్ళకి తెలిసింది, రష్యన్‌లో 'స్వెత్' అంటే వెలుగు, మన 'శ్వేత'కి చుట్టమే ఆ మాట. అయినా ఆ తండ్రి కోరిన పేరు అది కాదు కదా.

ఇక పరీక్షలు. మొదటిది పెరటి కేక. కోడలు ఫోన్లో రాసుకున్న జాబితా తీసుకుని నేను పెరట్లో నూతి దగ్గర నిలబడ్డాను, తను వీధి గుమ్మంలో. సాయంత్రం పిల్లని అన్నానికి పిలిచినట్టు ఒక్కో పేరూ గొంతెత్తి పిలిచాను. కాగితం మీద ముద్దుగా ఉన్న పేరు కేకలో ఎలా మారిపోతుందో అప్పుడు తెలుస్తుంది. 'ఎమ్మా' అని పిలిస్తే "ఏమ్మా?" అని పక్కింటావిడ పలికింది. 'అన్నా' అంటే ఆడపిల్లని పట్టుకుని అన్నయ్యా అన్నట్టే. 'ఆవా' మన నోట్లో అవ్వ అయిపోతుంది. 'ఎల్లా' మరీ కష్టం. వెళ్ళుని ఎల్లు అనే మన వైపు, పిలిస్తే రావాల్సిన పిల్లని పొమ్మన్నట్టుంటుంది. 'నోరా' అనగానే మా అమ్మ లోపల్నుంచి "నోరా, ఈపుకి దెబ్బలు తేకే" అని సామెత అందుకుంది. 'డోరా' గ్రీకు మాట, కానుక అని అర్థం. మనకి అది దొర. జపాను భాషలో 'సోరా' అంటే ఆకాశం, మన సముద్రతీరంలో సొర అంటే వల చింపేసే చేప. మగపిల్లాడికైతే 'కోడీ' గురించి చెప్పనక్కర్లేదు. 'జారా' అనుకుంటే ఒకసారి తెలుగు నిఘంటువు తీసి జార, జర రెండు మాటలూ చూడండి.

తోటి పిల్లలు ఇవన్నీ కనిపెట్టేస్తారు. అర్థం ఎంత గొప్పదైనా, బడి గంట కొట్టిన మొదటి వారంలోనే ఆ పేరుకి మరో పేరు తగిలిస్తారు. అందుకే కేకతో పాటు పేరుని విరిచి కూడా చూడాలి. మన దగ్గర ఏ పేరూ పూర్తిగా పిలవరు. సూర్యనారాయణ సూరి అవుతాడు, అప్పలనరసమ్మ నర్సమ్మ అవుతుంది. మొదటి ముక్క ఒక్కటే పిలిస్తే ఏమవుతుంది, చివరి ముక్క ఒక్కటే పిలిస్తే ఏమవుతుంది, 'మ్మ' తగిలిస్తే, 'గాడు' తగిలిస్తే ఎలా ఉంటుంది అని ముందే అనుకోండి. ముద్దుపేరు మీరే పెట్టి నలుగురిలో పిలవడం మొదలుపెడితే ఊరు కూడా అదే అందుకుంటుంది.

రెండోది, ఇంట్లో అందరికంటే పెద్ద వయసు మనిషి నోరు. మా ఇంట్లో అది మా అమ్మ. ఎనభై ఏడేళ్ళు, ముందు పళ్ళు లేవు. ఆవిడ పలకలేని పేరు పెడితే మునిమనవరాలిని పేరు పెట్టి పిలవకుండానే పోతుంది. అది నాకు ఇష్టం లేదు. 'జోయీ', 'ఫ్లోరా', 'స్టెల్లా' ఆవిడ చేత చెప్పించాం. మూడోది "ఇస్టెల్లా" అయింది, రెండోది "పులోరా". అచ్చుతో మొదలై, లేదా సాదా హల్లుతో మొదలై, చివర అచ్చుతో ముగిసే పేరు తెలుగు నోటికి సుఖం. గ్రీకు మాట నుంచి వచ్చిన 'ఇరీనా' శాంతి, స్లావు భాషల్లో 'మిలా' ప్రియమైనది, జపాను 'హనా' పువ్వు: ఈ మూడూ ఆవిడ నోట్లో శుభ్రంగా పలికాయి. కొన్ని పేర్లు వినగానే ఊళ్ళో వాళ్ళు ఏ మతమని అడుగుతారు. అడిగితే ఏం చెప్పాలో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ముందే ఒక మాట మీద ఉండండి.

మూడోది టీచరుగా నాకు అన్నిటికంటే ముఖ్యమైంది. ఆ పేరు తెలుగులో రాస్తే ఎన్ని ఒత్తులున్నాయి? ఒకటో తరగతి పిల్లకి మొదట వచ్చేవి తలకట్టు అక్షరాలు, ఆ తర్వాత గుణింతాలు, ఎప్పటికో ఒత్తులు. పలక మీద తన పేరు తను రాసుకున్న రోజు పిల్ల మొహంలో వెలుగు నేను కొన్ని వందలసార్లు చూశాను. 'కమల' ఆ వెలుగుని జూలైలో చూస్తుంది. 'క్రిస్టోఫర్' ఏడాది దాటినా చూడడు. పక్కవాడు రాసుకుంటుంటే పలక కడుక్కుంటూ కూర్చుంటాడు. మీ పిల్ల ఇంగ్లీషు మీడియమే చదివినా ఈ పరీక్ష వదలొద్దు.

నాలుగోది, ఆ భాష వాళ్ళని అడగడం. ఇంటర్నెట్‌లో ఉండే అర్థాల జాబితాలని నమ్మి పేరు పెట్టకండి. నికిత అని మనం ఆడపిల్లలకి పెట్టుకుంటున్నాం. రష్యాలో అది మగవాళ్ళ పేరు, ఒకప్పటి సోవియట్ నాయకుడు కృశ్చేవ్ పేరు నికితానే. ఆండ్రియా ఇటలీలో మగవాడు, చాలాచోట్ల ఆడపిల్ల. జపాను పేర్లకి అర్థం శబ్దంలో లేదు, రాసే బొమ్మ అక్షరాల్లో ఉంది. ఒకే శబ్దాన్ని పది రకాలుగా రాస్తే పది అర్థాలొస్తాయి. ఐర్లండు పేర్ల సంగతి వేరు. 'షివాన్' అని పలికే పేరుని వాళ్ళు రాసే స్పెల్లింగు చూసి మన టీచరు 'సియోభాన్' అని హాజరు పిలుస్తుంది, తప్పు ఆవిడది కాదు. ఆ భాష పుట్టుకతో మాట్లాడే మనిషి ఒక్కరు దొరికినా మూడు ప్రశ్నలడగండి: ఇది ఆడవాళ్ళదా మగవాళ్ళదా, ఇప్పుడు పిల్లలకి పెడుతున్నారా, వినగానే మీకు ఏం గుర్తొస్తుంది? మూడో ప్రశ్నకి వచ్చే జవాబు ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఇన్ని పరీక్షలయ్యేసరికి జాబితాలో మూడే మిగిలాయి, బారసాలకి తొమ్మిది రోజులుంది. అప్పుడు కోడల్ని అడిగాను, "హనా బాగుంది తల్లీ, కానీ జపానుతో మనకేంటి సంబంధం? రేపు పిల్ల అడిగితే ఏ కథ చెబుతావు?" తను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అమ్మమ్మగారు పుట్టింది రంగంలో కదా" అంది.

నాకు తట్టని మాట అది. బర్మా, అంటే ఇప్పటి మయన్మార్‌లోని రంగూన్‌ని మనం రంగం అనే అన్నాం. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల నుంచి ఎంతమంది ఓడెక్కి రంగం పోలేదు! మా తాత భీమిలిలో ఎక్కి అక్కడి బియ్యం మిల్లులో పనిచేశాడు. అక్కడి వాళ్ళు తెలుగువాళ్ళని కొరంగీలనేవారు, కోరంగి రేవు పేరు మీద. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగం మీద బాంబులేశాక పిల్లల్ని చంకనేసుకుని తిరిగొచ్చేశారు. అప్పటికి మా అమ్మ మాటలు నేర్చుకుంటున్న పిల్ల. పేరు రత్నం.

బర్మా వాళ్ళకి మనలా ఇంటిపేర్లు లేవు. మనం నక్షత్ర పాదాన్ని బట్టి అక్షరం చూసినట్టు వాళ్ళు పుట్టిన వారాన్ని బట్టి చూస్తారు: సోమవారానికి కవర్గం, గురువారానికి పవర్గం, శనివారానికి తవర్గం, ఆదివారానికి అచ్చులు. వాళ్ళ అక్షరమాల కూడా మన క, ఖ, గ వరసే. బౌద్ధ గ్రంథాల భాష పాళీ నుంచి వెళ్ళిన మాటలు వాళ్ళ పేర్లలో బోలెడు. అక్కడ రత్నాన్ని 'ర-త-నా' అని రాసి 'యదనా' అని పలుకుతారు. రకారం వాళ్ళ నోట్లో యకారం అయిపోయింది. మా అమ్మ పేరే, సముద్రం దాటి వెళ్ళి మారి వచ్చింది.

ఆ రాత్రి యదనకి పరీక్షలన్నీ మళ్ళీ పెట్టాం. కేకలో బాగా సాగింది. రాతలో మూడు అక్షరాలు, ఒత్తు లేదు, గుణింతం లేదు. 'ఎదన' అంటే గుండెలో అని తెలుగు చెవికి అందుతుంది. పాప నక్షత్రం జ్యేష్ఠ రెండో పాదం, అక్షరం 'యా'. యకారమే కాబట్టి చాలని పంతులుగారు ఒప్పుకున్నారు. అబ్బాయి బెంగళూరు ఆఫీసులో ఒక మయన్మార్ ఆయన ఉంటే అడిగించాం. ఆడపిల్ల పేరేనని, వినగానే తన మేనత్త గుర్తొస్తుందని అన్నాడట. చిక్కల్లా విరిచి చూసినప్పుడు వచ్చింది. 'యదు' అని ముద్దుగా పిలిస్తే బడిలో ఎద్దు అయి కూర్చుంటుంది. ఇంట్లో ఎవరూ ఆ ముక్క పలకకూడదని ఆ రాత్రే కట్టడి చేసుకున్నాం.

కాగితాల పని చెప్పేస్తాను. పుట్టుక 21 రోజుల్లో నమోదు కావాలి, అదీ పుట్టిన చోటే. విశాఖలో ఆసుపత్రిలో పుడితే విశాఖలోనే నమోదవుతుంది, మీ ఊరి పంచాయతీలో కాదు. పేరు తేలకపోతే తొందరపడి ఏదో ఒకటి రాయించకండి. పేరు గడి ఖాళీగా ఉంచి పుట్టుక నమోదు చేయించవచ్చు. నమోదైన 12 నెలల్లో రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ళ వరకూ రుసుముతో వీలుంది. కానీ 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం కాబట్టి మొదటి ఏడాదిలోనే ముగించుకోండి. ఇంటిపేరు, పెట్టిన పేరు రెండూ పూర్తిగా రాయించండి, పొట్టి అక్షరాలొద్దు. పాస్‌పోర్టులో పెట్టిన పేరు గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసాలో ఆ చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది, పేరు తెలియదని దానర్థం.

ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కసారి నిర్ణయించి, పెద్ద అక్షరాల్లో కాగితం మీద రాసి, ఫోటో తీసి మొగుడూ పెళ్ళాం ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. సంఖ్యాశాస్త్రం కోసం అదనపు అక్షరాలు ఇరికించవద్దని నా గట్టి మాట. ఆ భాష వాళ్ళు ఎలా రాస్తారో అలాగే ఉంచండి. ఇంకొకటి: ద కీ డ కీ ఇంగ్లీషులో డి ఒక్కటే. కంప్యూటరు దాన్ని తెలుగులోకి మార్చేటప్పుడు యదన యడన అయిపోగలదు. ఆధార్ తీయించేటప్పుడు తెర మీద తెలుగు వరసని మీరే చదివి, సరిగా ఉంటేనే సరేననండి. కళ్ళజోడు తీసుకెళ్ళండి.

బారసాల నాడు అబ్బాయి పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో య, ద, న రాశాడు. వాడికి చెయ్యి వణికింది, అక్షరాలు మాత్రం నిలువుగా వచ్చాయి. మా అమ్మని ఉయ్యాల దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి పాప చెవిలో మూడుసార్లు చెప్పమన్నాం. ఆవిడ వంగి, "యదనా" అని రెండుసార్లు అంది. మూడోసారికి ఊయల తాడు పట్టుకుని, "నా పేరే, ఆ ఊరి మాటలో" అని అందరికీ చెప్పింది. ఇప్పుడు పాపకి తొమ్మిది నెలలు. అమ్మ పొద్దున్న లేస్తూనే "దనమ్మా, ఓ దనమ్మా" అని పిలుస్తుంది. పాప అటే పాకుతుంది.