చింతచెట్టు కింద ఒక వారం బడి

మా బడి కదిరి దగ్గర ఒక పల్లె అంచున ఉంది. 22 మంది పిల్లలు, ముగ్గురం టీచర్లం. ఆరేళ్ల పాప, పదమూడేళ్ల అబ్బాయి ఒకే చాప మీద కూర్చుంటారు. మొదటి రెండేళ్లూ గంటకో పాఠం చొప్పున పట్టిక వేశాను. పిల్లలు పనిలో మునిగే వేళకు గంట మోగేది, అందరూ పుస్తకాలు మూసేవారు. ఆ బాధతోనే పట్టిక పక్కన పెట్టి, ఏడాదిలో కొన్ని వారాలను ఒక్కో వస్తువుకు కేటాయించాం. వాటిలో నాకు ప్రాణమైనది ఉగాదికి ముందు వచ్చే చింతపండు వారం. మీ దగ్గర ఒక చింతచెట్టు ఉంటే చాలు, మీరూ చేయవచ్చు.

ముందు వారమే చెట్టు యజమానితో మాట్లాడి, కాయ దులిపే మనిషిని కుదుర్చుకోండి. పిల్లల్ని చెట్టు ఎక్కనివ్వకండి. ఒక తక్కెడ, రాళ్లు సంపాదించండి. ఎలక్ట్రానిక్ కాటా అంకెను తనే చెప్పేస్తుంది. తక్కెడ ముందు మాత్రం పిల్లవాడు ఆలోచించక తప్పదు. రోజూ ఉదయం పని నిర్ణయించుకోండి, మధ్యాహ్నం ఖాళీగా వదలండి. పిల్లల ప్రశ్నలకు ఆ ఖాళీయే చోటు.

సోమవారం చూడటం, కొలవడం. చిన్నవాళ్లు ఆకు గీస్తారు. సాయంత్రం చీకటి పడ్డాక ఇంటి దగ్గరి చింతాకును చూసి రమ్మని చెప్పండి. ఆకులు ముడుచుకోవడం వాళ్ల కళ్లతో వాళ్లే చూడాలి, మీరు ముందుగా చెప్పకండి. నడిమి వయసువాళ్లు మానును చేతులతో చుట్టి, తర్వాత తాడుతో కొలుస్తారు. పెద్దవాళ్లు నీడతో ఎత్తు కడతారు: 1 మీటరు కర్ర నీడ 60 సెంటీమీటర్లు, చెట్టు నీడ 9 మీటర్లు ఉంటే చెట్టు ఎత్తు 15 మీటర్లు. రెండు నీడలూ ఒకే సమయంలో కొలవాలి. కర్ర నీడ పొద్దున, చెట్టు నీడ భోజనాలయ్యాక కొలిస్తే లెక్క తప్పుతుంది.

మంగళవారం దులపడం, ఒలవడం. ఈ రోజుకు తొందర పనికిరాదు. కాయ రాలాక సరిగ్గా 10 కిలోలు తూచి పక్కన పెట్టండి. నాలుగు చేటలు తెచ్చి పెంకు, ఈనెలు, గింజలు, పండు విడివిడిగా వేయించండి. కిందటేడు మా తూకం ఇలా వచ్చింది: పండు 4 కిలోల 200 గ్రాములు, గింజలు 3 కిలోల 400, పెంకు 1 కిలో 900, ఈనెలు 300. పెద్దపిల్ల ఒకమ్మాయి కూడింది. 9 కిలోల 800 వచ్చింది. మళ్లీ కూడింది, అంతే వచ్చింది.

ఆ 200 గ్రాములు ఎటు పోయాయి? నేను జవాబు చెప్పలేదు, మీరూ చెప్పకండి. పిల్లలు చాప దులిపి దుమ్ము తూచారు. చేతులకు అంటుకున్న పులుపును చూసుకున్నారు. ఒకడు తాను నాలుగు కాయలు తిన్నానని ఒప్పుకున్నాడు, వాడి వెనక ఇంకో ఆరుగురు ఒప్పుకున్నారు. తక్కెడ ముల్లు ఒక పక్కకు వాలుతోందేమోనని ఇంకొకరు ఖాళీ తక్కెడను పరీక్షించారు. మధ్యాహ్నమంతా దీనికే పోయింది. తీసివేతలు, తూనిక, నిజాయితీ అన్నీ ఆ చాప మీదే నడిచాయి. అప్పటిదాకా అక్షరాల జోలికి రాని తొమ్మిదేళ్ల పాప, చేటలు కలిసిపోతాయని తనే అట్టముక్క మీద 'గింజలు' అని రాసి పెట్టింది. 'గింజలు'లో సున్న మరిచిపోయింది. ఆ రోజు దిద్దలేదు. మర్నాడు పక్క చేట చూసుకుని తనే పెట్టుకుంది.

బుధవారం ఊళ్లో చింతపండు కొట్టే అవ్వను పిలవండి. ఆమెను నిలబెట్టి మాట్లాడమంటే బిడియపడుతుంది. పని ఇవ్వండి, చేతులు కదిలితే మాటలు వాటంతట అవే వస్తాయి. అదే రోజు పటం పరచండి. చింతచెట్టు పుట్టినిల్లు ఆఫ్రికా. అరబ్బులు దాన్ని తమర్ హింద్, అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు, ఇంగ్లీషు పేరు అక్కడి నుంచే వచ్చింది. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తినప్పుడు ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఇది చెప్పాక మా పిల్లలు తమ చెట్టు కొమ్మలు లెక్కపెట్టి, మన ఊరివాళ్లు ఎంతమంది పడతారని చాలాసేపు వాదించుకున్నారు.

గురువారం ఆటలు. వామనగుంటలకు 14 గుంటలు, గుంటకు ఐదు గింజలు. మొత్తం ఎన్ని కావాలో చిన్నవాళ్లనే తెమ్మనండి. అష్టాచెమ్మకు నాలుగు గింజల్ని గరుకు రాతి మీద ఒక వైపు తెల్లగా అరగదీయండి. పెద్దవాళ్లు వందసార్లు వేసి, నాలుగూ తెల్లగా ఎన్నిసార్లు పడ్డాయో రాస్తారు. రెండు వైపులకూ సమాన అవకాశం ఉంటే 16 సార్లలో ఒకసారి పడాలి. అరగదీసిన గింజ అలా పడదు. ఎందుకు పడదో వాళ్లు గింజను తిప్పి తిప్పి చూస్తారు.

శుక్రవారం ధర. పత్రికలో హిందూపురం మార్కెట్టు రేట్లు చూపించి, చింతపండులో కరిపులి రకానికీ ఫ్లవర్‌ రకానికీ ధరలో తేడా అడగండి. తర్వాత మన పండు, మన కూలి లెక్క వేయించండి. మిగిలిన సమయంలో చింతపండుతో ఇత్తడి చెంబు తోమించండి.

శనివారం అమ్మానాన్నలు వస్తారు. వారి ముందు పిల్లలతో బట్టీ పాఠాలు చెప్పించకండి. తక్కెడ, చేటలు, అట్టముక్కలు అలాగే ఉంచండి, చూసినవాళ్లే అడుగుతారు. చివరికి పండును ఉప్పు కలిపి జాడీకెత్తి, ఉగాది పచ్చడికి సరిపడా ఒక్కో ముద్ద ఆకులో చుట్టి ఇంటికి పంపండి. తూచి ఇవ్వాల్సింది పిల్లలే.