బిగుసుకున్న ఇగ్నిషన్ కాయిల్ ఇలా తీశాను
ఇంజన్‌లో ఒక సిలిండర్ మిస్ అవుతోందని, అంటే అందులో ఇంధనం సరిగా మండట్లేదని స్కానర్ చూపించింది. అందుకే ఆ సిలిండర్ స్పార్క్ ప్లగ్గుకి కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ తీసి చూద్దామనుకున్నాను. విజయవాడ ఎండలకి ఇంజన్ త్వరగా చల్లారదు, అందుకే పొద్దున్నే మొదలుపెట్టాను. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేశాను. కాయిల్ కనెక్టర్ లాక్ వేడికి పెళుసుబారి ఉంటుంది. వైరు పట్టుకుని అస్సలు లాగకూడదు. లాక్ నొక్కి, కనెక్టర్‌నే పట్టుకుని తీయాలి.

10 ఎంఎం బోల్టు విప్పినా కాయిల్ కదల్లేదు. ప్లగ్గు మీద తొడుగులా కూర్చునే కాయిల్ రబ్బరు బూటు దానికి అతుక్కుపోయింది. స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే కాయిల్ పగలొచ్చు. చేత్తోనే అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పితే టప్పుమని పట్టు వదిలింది, అప్పుడు నిటారుగా పైకి లాగాను. బూటు మీద కరెంటు లీకైన సన్నటి నల్లగీత!

ఆటోనగర్‌లో కొత్తది తెచ్చాను. ప్లగ్గు గుంతలో దుమ్ముని గాలి కొట్టి ఊదేసి, బూటు లోపల కాస్త డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు లీకవకుండా ఆపేది) రాసి బిగించాను. బోల్టుని మాత్రం బలంగా తిప్పకండి, అల్యూమినియం మరలు ఇట్టే పోతాయి. ఇప్పుడు ఐడ్లింగ్‌లో వణుకు లేదు.