పంట కాలువ పాఠం: తరగతిలో టాబ్లెట్‌ను సృజనాత్మకంగా, భద్రంగా వాడే విధానం

గోదావరి డెల్టాలోని ఉన్నత పాఠశాలల్లో టాబ్లెట్‌పై వీడియోలు చూపించి సరిపెట్టడం కంటే, పిల్లల చేతనే ఏదైనా తయారు చేయించడం ఎంతో మేలు. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం (1847–1852) గురించి చెప్పేటప్పుడు, తమ ఊరి పంట కాలువ ఏ ప్రధాన కాలువ నుంచి చీలి వస్తోందో ఉపగ్రహ పటంలో వెతికించి, ఆ దారిని కాగితంపై గీయించండి. తరువాత పిల్లలను చిన్న జట్లుగా చేసి, వంతుల వారీగా నీరు వదిలే పద్ధతి గురించీ, వేసవిలో కాలువలు కట్టేసే రోజుల గురించీ ఇంటి పెద్దలు చెప్పే మాటలను వారి అనుమతితో రికార్డు చేయించి, మూడు నిమిషాల కథనంగా కూర్చమనండి. ఏ మాట ఉంచాలో, ఏది వదలాలో పిల్లలు చర్చించుకునే ఈ దశకే ఎక్కువ సమయం ఇవ్వాలి. అసలు చదువు అక్కడే జరుగుతుంది.

ఫోటోలు తీసే ముందు కెమెరాలో లొకేషన్ నమోదును ఆపివేయించండి, ఎందుకంటే తీసిన చోటు వివరం ఫైలులో చేరి అపరిచితులకు అందవచ్చు. కాలువ గట్టుకు పెద్దల తోడు లేకుండా ఎవరినీ పంపకండి. కొత్త యాప్‌లో ఖాతా తెరవాలంటే తల్లిదండ్రుల సమ్మతి తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే పరిగణిస్తుంది. బెదిరింపు సందేశం వస్తే చెరిపివేయకుండా వెంటనే ఉపాధ్యాయులకు చూపించమనండి, బాలల సహాయవాణి 1098 నంబరును తరగతి గోడపై రాయించండి.