మాటను ముందు పట్టేది ఏ చెవి? ఇంట్లో చేసుకోగల పరీక్ష

ఎడమ మెదడు వాళ్లు లెక్కల్లో దిట్టలు, కుడి మెదడు వాళ్లు కళాకారులు అనే ప్రచారానికి ఆధారం లేదు. మాట దగ్గర మాత్రం మెదడులోని రెండు అర్ధగోళాలూ (ఎడమ, కుడి సగాలు) పనిని సమానంగా పంచుకోవు. కుడిచేతివాటం ఉన్న 100 మందిలో 90 మందికి పైగా భాష ప్రధానంగా ఎడమ అర్ధగోళం పని. ఎడమచేతివాటం వాళ్లలోనూ ఎక్కువమందికి అంతే. ఈ మొగ్గును చూడటానికి 1961లో డోరీన్ కిమురా అనే కెనడా మనస్తత్వవేత్త రెండు చెవులకూ ఒకేసారి వేర్వేరు అంకెలు వినిపించారు. ఒక్కో అక్షరంతో చేస్తే గుర్తుపెట్టుకునే భారం కూడా ఉండదు.

ఒక్కో చెవి నుంచి రెండు అర్ధగోళాలకూ దారులున్నాయి, కానీ ఎదుటి వైపుకు వెళ్లే దారి బలమైనది. రెండు శబ్దాలు పోటీ పడినప్పుడు చెవి ఉన్న వైపు అర్ధగోళానికే వెళ్లే దారి అణిగిపోతుంది. కుడిచెవి శబ్దం నేరుగా ఎడమ అర్ధగోళం చేరుతుంది. ఎడమచెవిది ముందు కుడి అర్ధగోళానికి వెళ్లి, కార్పస్ కెలోసమ్ అనే నరాల కట్ట దాటి రావాలి. ఆ కట్టను శస్త్రచికిత్సలో కోసేసిన రోగులు ఇలాంటి పరీక్షలో ఎడమచెవి మాటలను దాదాపు చెప్పలేకపోవడం ఈ వివరణకు గట్టి సాక్ష్యం.

ఇక తయారీ. క, త, ప, గ, ద, బ అనే ఆరు అక్షరాలను ఒకే గొంతుతో, ఒకే స్థాయిలో రికార్డు చేయండి. ఒక్కోటి అర సెకను లోపే ఉండాలి. పరుషానికి (క, త, ప) పరుషాన్ని, సరళానికి (గ, ద, బ) సరళాన్ని మాత్రమే జతచేయండి. క-గ లాంటి జతల్లో చెవితో పని లేకుండా ఒక రకం ధ్వనే పైచేయి సాధించే అవకాశం ఉంది, దాంతో లెక్క చెడుతుంది. ఇలా ఎడమ-కుడి మార్పులతో కలిపి 12 జతలు వస్తాయి. అడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక ట్రాక్‌ను పూర్తిగా ఎడమకు, రెండోదాన్ని పూర్తిగా కుడికి నెట్టండి.

అసలు కష్టం మొదళ్లు కలపడంలోనే. తెలుగు సరళాల్లో పెదవి లేదా నాలుక విడివడకముందే నాదం మొదలవుతుంది కాబట్టి, శబ్దం మొదలైన చోటును కాకుండా విడివడే చోటును గుర్తించి అక్కడ కలపాలి. తరంగ చిత్రాన్ని బాగా పెద్దది చేస్తే అది సన్నటి ముల్లులా కనిపిస్తుంది. ఒకటి ముందు పడితే పోటీ సమానంగా ఉండదు.

ఒక్కో జతను నాలుగుసార్లు, వరుస కలగాపులగం చేసి, మధ్యలో నాలుగు సెకన్ల ఖాళీతో పెడితే 48 ప్రయత్నాలు. 24 అయ్యాక హెడ్‌ఫోన్‌ను తిప్పి పెట్టండి. ఒక వైపు స్పీకర్ బలహీనంగా ఉంటే ఆ తేడా ఇలా రద్దవుతుంది. ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో మోనో ఆడియో ఆన్‌లో ఉంటే రెండు చెవులకూ ఒకే మిశ్రమం వెళ్తుంది, ముందే చూసుకోండి. వినేవారికి ఒక చెవి మందమైతే ఈ పరీక్ష పనికిరాదు.

వినేవారికి "స్పష్టంగా వినిపించిన అక్షరం ఒక్కటి చెప్పండి" అనండి. చెవుల ప్రస్తావన తేకండి. లెక్క ఇలా: కుడిచెవివి 24, ఎడమవి 16, తప్పులు 8 అనుకుందాం. తేడా 8ని సరైనవాటి మొత్తం 40తో భాగించి 100తో హెచ్చిస్తే 20. ధన సంఖ్య వస్తే కుడిచెవి మొగ్గు.

సున్నా దగ్గరో, రుణ సంఖ్యో వస్తే కుడి అర్ధగోళమే మాట్లాడుతోందని తేల్చేయకండి. భాష ఎడమ వైపే ఉన్న కొందరికీ అలా వస్తుంది. మరో రోజు మళ్లీ చేసి చూడండి. మూర్ఛకు శస్త్రచికిత్స చేసే ముందు వైద్యులు భాష ఏ వైపు ఉందో తేల్చుకోవడానికి ఎఫ్ఎమ్ఆర్ఐ (మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే స్కాన్), వాడా పరీక్ష (ఒక అర్ధగోళాన్ని మందుతో కాసేపు నిద్రపుచ్చి చూడటం) లాంటివి వాడతారు.

చివర్లో అదే ఫైలును "ఎడమచెవిలో వినిపించేదే చెప్పండి" అని మళ్లీ పెట్టండి. చాలామందిలో కుడి మొగ్గు తగ్గిపోతుంది, కొందరిలో తిరగబడుతుంది. మొదటి దఫాలో చెవుల ఊసు వద్దన్నది అందుకే.