దార్ ఎస్ సలామ్‌లో ఉద్యోగానికి వెళ్లే తెలుగువారికి: మొదటి ఆరు నెలలు

టాంజానియా ఉద్యోగం ఖాయమైందనగానే మనవాళ్లు మొదట అడిగేది జీతం డాలర్లలోనా అని. అంతకన్నా ముందు అడగవలసింది పర్మిట్ల సంగతి. అక్కడ పని చేయాలంటే కార్మిక శాఖ ఇచ్చే వర్క్ పర్మిటూ, ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చే రెసిడెన్స్ పర్మిటూ రెండూ ఉండాలి. వీటి బాధ్యత తీసుకోవలసింది యజమాని. "ముందు విజిటర్ వీసా మీద వచ్చేయండి, తరువాత చూసుకుందాం" అన్న కంపెనీని నమ్మవద్దు. పట్టుబడిన రోజున విమానం ఎక్కవలసింది మీరే. 2015 నాటి విదేశీయుల ఉపాధి చట్టం ప్రకారం, మీ పనిని ఎప్పటికైనా స్థానికులకు అప్పగించే ప్రణాళిక కూడా యజమాని దగ్గర ఉండాలి. మీరు పని చేయడానికే కాదు, నేర్పడానికి కూడా వెళుతున్నారన్నమాట. ఈ సంగతి గుర్తుంటే ఆఫీసులో సగం చిక్కులు రావు.

సామాను సర్దేటప్పుడు పచ్చళ్ల సీసాలను ప్లాస్టిక్ క్యారీబ్యాగుల్లో చుట్టకండి. 2019 జూన్ 1 నుంచి అక్కడ అవి నిషిద్ధం, ప్రయాణికులకు కూడా. గుడ్డ సంచులు వాడండి. ప్లగ్గులు ఎక్కువగా చదరపు పిన్నులవి కనుక రెండు మూడు అడాప్టర్లు వెంట ఉంచుకోండి. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న 10 రోజులకు గాని దాని ధ్రువపత్రం చెల్లుబాటు కాదు. మీరు వెళ్లే దారిని బట్టి అది అవసరమో కాదో హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వంటి టీకా కేంద్రంలో ముందే అడగండి.

దిగిన తరువాత అందరినీ తికమకపెట్టేది గడియారం. అక్కడి భాష స్వాహిలీలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది; మన ఉదయం 7 గంటలు వారికి 'సా మోజా', అంటే ఒంటిగంట. వడ్రంగిని 'సా న్నె'కు రమ్మని, మన నాలుగు గంటలనుకుని నేను సాయంత్రం ఇంటికి చేరేసరికి, అతను ఉదయం పదింటికే వచ్చి తాళం చూసి వెళ్లిపోయాడని కాపలాదారు చెప్పాడు. చిట్కా సులువు: వారు చెప్పిన అంకెకు గడియారంలో సరిగ్గా ఎదురుగా ఉన్న అంకె చూడండి. అనుమానముంటే ఉదయమా ('అసుబుహి'), రాత్రా ('ఉసికు') అని అడగండి.

భాష మనకు పూర్తిగా కొత్త కాదు. డబ్బు 'పెసా', లక్ష 'లాకి', బండి 'గారి', దుకాణం 'దుకా', బీమా 'బీమా'యే. హిందూ మహాసముద్రపు వర్తకం మోసుకెళ్లిన మాటలివి. తడబడేది వరుసల దగ్గర. 'మామ' అంటే అమ్మ, 'దాదా' అంటే అక్క, 'కాకా' అంటే అన్న, 'బాబు' అంటే తాత! పెద్దావిడను 'మామ' అని పిలవడం అక్కడ మర్యాద. నోరు అలవాటు పడడానికి నెల పడుతుంది.

పలకరింపు లేకుండా పనిలోకి దిగడం అక్కడ మొరటుతనం. మనం ఫోనెత్తగానే "ఆ రిపోర్టు ఏమైంది" అంటాం. వారు ముందు రాత్రి ఎలా గడిచిందో, ఇంట్లో ఎలా ఉన్నారో అడుగుతారు. తనకన్నా పెద్దవారికి 'షికమో' అనాలి, వారు 'మరహబా' అంటారు. గేటు దగ్గరి ముసలి కాపలాదారుకు మేనేజరు అయినా సరే 'షికమో' చెప్పడం నా దృష్టిలో పర్మిటంత అవసరం. ఏదైనా కావాలంటే 'నతాకా' (నాకు కావాలి) అనకుండా 'నవోంబా' (అడుగుతున్నాను) అనండి. మీరు కాలు జారితే చుట్టూ ఉన్నవారు 'పోలె' అంటారు. అది క్షమాపణ కాదు, అయ్యో పాపం వంటిది.

ఆఫీసులో నలుగురి ముందు గట్టిగా మందలించడం మనలో కొందరికి అలవాటు. అక్కడ అలా చేస్తే ఎదుటివారు మాట్లాడరు, అంతే. ఆ తరువాత తప్పులు మీ దాకా రావు. తప్పును పక్కకు పిలిచి చెప్పండి. 'ందియో' (అవును) అన్నంత మాత్రాన పని అర్థమైందనుకోకుండా, ఎలా చేస్తారో వారి నోటనే చెప్పించుకోండి. తరతరాలుగా అక్కడ దుకాణాలు నడిపిన గుజరాతీలు తమలో తాము ఉండిపోతారన్న అభిప్రాయం స్థానికుల్లో ఎప్పటినుంచో ఉంది. 1971లో అద్దె భవనాలను ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నప్పుడు ఎక్కువగా నష్టపోయింది వారే. మీరు గుంటూరు నుంచి వచ్చినా స్థానికులకు 'మ్హిందీ'యే (భారతీయుడే). మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని మనవాళ్లతోనే కూర్చోకుండా, వారానికి రెండు రోజులైనా సహోద్యోగులతో కలిసి తినండి. ఉగాలి మన సంకటికి దగ్గర చుట్టం, మ్చిచా తోటకూరే. కందులు అక్కడ విరివిగా పండుతాయి, మన దేశానికీ వస్తాయి. కొబ్బరిపాలలో ఉడికించిన కందులను పొద్దున్నే మాందాజీతో (నూనెలో వేయించిన తీపి రొట్టె) తింటారు. మిగతా దినుసులు నగరంలోని కిసుతు ప్రాంతపు దుకాణాల్లో దొరుకుతాయి.

ఇంటి కరెంటు చాలా చోట్ల ముందుగా డబ్బు కట్టే 'లూకు' మీటరు మీద నడుస్తుంది. ఫోనులో డబ్బు పంపితే వచ్చే 20 అంకెలను మీటరులో నొక్కాలి, రాత్రి పదింటికి అయిపోకుండా చూసుకోవాలి. ఫోను డబ్బు లేనిదే అక్కడ రోజు గడవదు గనుక, పాస్‌పోర్టు, వేలిముద్రలతో సిమ్ తీసుకోవడం మొదటి రోజు పనిగా పెట్టుకోండి. 'ఆ డబ్బు ఈ నంబరుకు పంపు' అని తెలియని నంబరు నుంచి సందేశం వస్తే అది ఊరంతా ఎరిగిన మోసం, తుడిచేయండి.

చివరగా మలేరియా. దోమతెర కట్టుకోండి, జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి. సెలవుకు ఇంటికొచ్చిన కొన్ని నెలల లోపు జ్వరం తగిలినా, డాక్టరు అడగకముందే టాంజానియా నుంచి వచ్చానని చెప్పండి. అక్కడ ఎక్కువగా ఉండే ఫాల్సిపేరం రకం మలేరియా రోజుల్లో ముదిరిపోతుంది.