ఫలానా అక్షరాలున్న ఐదక్షరాల ఇంగ్లీష్ పదాన్ని పట్టుకోవడం ఎలా?

ఐదే అక్షరాలు, మధ్యలో ఎ ఉంది, ఆర్ ఎక్కడో ఉంది, అంతకుమించి ఏమీ తెలీదు. క్రాస్‌వర్డ్ అయినా, స్క్రాబుల్ అయినా, వర్డిల్ అయినా బుర్ర వేడెక్కేది సరిగ్గా ఇలాంటి చోటే. చాలామంది నోటికొచ్చిన పదాలన్నీ వరుసగా అనుకుంటూ పోతారు, నాలుగైదు తట్టాక ఇక ఏమీ తట్టదు, మళ్ళీ ఆ నాలుగే తిరుగుతుంటాయి. అందుకే ముందు ఏ అక్షరం ఏ గడిలో కూర్చోగలదో తేల్చుకోండి, పదం సంగతి తర్వాత.

1. గళ్ళు గీయండి

కాగితం మీద ఐదు గళ్ళు. చోటు ఖాయమైన అక్షరాన్ని దాని గడిలో రాయండి. పదంలో ఉందని తెలిసి చోటు తెలియని అక్షరాన్ని పైన రాసి, అది ఏ గడిలో ఉండదో కూడా పక్కనే రాయండి. అసలు లేవని తేలిన అక్షరాలు ఓ మూల. ఈ లేనివాటి జాబితా రాయడానికి అందరికీ బద్ధకమే, కానీ పని ఎక్కువగా జరిగేది దానితోనే.

ఇంకో మాట, గళ్ళలో పట్టాల్సింది స్పెల్లింగ్. చెవికి వినిపించేదాన్ని బట్టి వెతికితే నైఫ్ కేతో మొదలవుతుందని, రాంగ్ డబ్ల్యూతో మొదలవుతుందని గుర్తురాదు.

2. అక్షరాల అలవాట్లు వాడుకోండి

ఇంగ్లీష్ అక్షరాలకి ఇష్టమైన చోట్లు ఉంటాయి. హెచ్ ఎక్కువగా రెండో గడిలోనో చివరి గడిలోనో దొరుకుతుంది, చైర్, షేప్, ఫోన్, వేర్ (ఎక్కడ అనే అర్థంలోది) ఒక రకం, బీచ్, మంత్, ఫ్రెష్ ఇంకో రకం. వై చాలాసార్లు చివర. కే కూడా అంతే, ముందు సి గానీ ఎన్ గానీ ఆర్ గానీ పెట్టుకుని చివర కూర్చుంటుంది. క్యూ ఉంటే దాని వెనకే యు ఉందనుకుని ముందుకెళ్ళండి, మామూలు పదాల్లో దాదాపు తప్పదు. జె, వి చివర రావడం చాలా అరుదు.

అచ్చులు ఒక్కటీ దొరక్కపోతే టెన్షన్ పడొద్దు, వై ఆ పని చేస్తుండొచ్చు: క్రిప్ట్, నింఫ్, లింఫ్, గ్లిఫ్ లాంటివి.

3. ఒక్కో గడి పెట్టి చూడండి

వర్డిల్ లెక్కలో చూద్దాం. జోష్ వార్డిల్ తయారుచేసిన ఈ ఆట 2021లో జనంలోకి వచ్చింది, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుంది. ఐదక్షరాల పదం, ఆరు ప్రయత్నాలు. అక్షరం సరైన చోట ఉంటే ఆకుపచ్చ, వేరే చోట ఉంటే పసుపు, లేకపోతే బూడిద రంగు.

మొదట క్రేన్ వేశారనుకోండి. ఎ ఆకుపచ్చ, ఆర్ పసుపు, మిగతా సి, ఎన్, ఇ లేవు. ఎ మూడో గడిలో ఖాయం. ఆర్ రెండో గడిలో ఉండదు, మూడోది నిండిపోయింది, అంటే దానికి మిగిలినవి ఒకటి, నాలుగు, ఐదు గళ్ళే. ఆర్ మొదట పెడితే రోస్ట్. చివర పెడితే స్టెయిర్, ఫ్లెయిర్. నాలుగో గడిలో పెట్టగానే వరద: బోర్డ్, గార్డ్, అవార్డ్, స్మార్ట్, షార్ప్, స్పార్క్, అలారం, డైరీ, క్వార్క్... ఇంత మంది ఉన్న వీధిలోనే ముందు వెతకడం తెలివి. అందుకని ఎస్, హెచ్, డి మూడూ ఒకేసారి తేలిపోయేలా షార్డ్ వేద్దాం.

ఎస్, హెచ్ లేవు, ఎ, ఆర్, డి ఆకుపచ్చ అని వచ్చింది. ఇప్పుడు అందరికీ తెలిసిన పదాల్లో మిగిలేవి బోర్డ్, గార్డ్, అవార్డ్. వరుసగా మూడూ వేసుకుంటూ పోవచ్చు, ప్రయత్నాలు చాలా ఉంటే పర్లేదు. రెండే మిగిలుంటే మాత్రం అబౌట్ వేయండి. అది జవాబు కాదని మనకి తెలుసు, అయినా సరే. మొదటి ఎ ఆకుపచ్చ అయితే అవార్డ్, బి, ఓ పసుపైతే బోర్డ్, యు పసుపైతే గార్డ్. ఒక్క దెబ్బకి మూడూ విడిపోయాయి.

4. తోక కలిసిన పదాల దగ్గర ఆగండి

చివరి నాలుగూ ఎ, టి, సి, హెచ్ అని తేలిందంటే సంబరపడకండి, అసలు చిక్కు అక్కడే. బ్యాచ్, క్యాచ్, హ్యాచ్, ల్యాచ్, మ్యాచ్, ప్యాచ్, వాచ్, ఏడుగురు క్యూలో ఉన్నారు. బ్లింప్ వేస్తే బి, ఎల్, ఎం, పి నాలుగూ ఒకేసారి పరీక్షించినట్టు. ఏదీ వెలగకపోతే మిగిలేది ముగ్గురే. వర్డిల్‌లో హార్డ్ మోడ్ అనే కష్టమైన పద్ధతి పెట్టుకుంటే ఈ వేషం కుదరదు, దొరికిన అక్షరాలు ప్రతిసారీ వాడాల్సిందే.

5. ఒకే అక్షరం రెండుసార్లు వస్తుందేమో చూడండి

ఏదీ కుదరడం లేదంటే తొంభై పాళ్ళు కారణం ఇదే. ఇంకా కొత్త అక్షరమే కావాలనుకుంటూ ఉంటాం, జవాబేమో షీప్ లాగానో మమ్మీ లాగానో ఉంటుంది. రంగులు కూడా జాగ్రత్తగా చదవాలి. జవాబు స్మార్ట్ అయి మీరు స్టార్ట్ వేస్తే చివరి టి ఆకుపచ్చ, రెండో గడిలో టి బూడిద రంగు. దానర్థం టి లేదని కాదు, ఒక్కటే ఉందని.

6. అప్పటికీ రాకపోతే వెబ్‌సైట్

వన్‌లుక్ లాంటి నిఘంటువు సెర్చ్‌లో తెలిసిన అక్షరాలు వాటి చోట్లలో రాసి, తెలియని ప్రతి గడికీ ఒక ప్రశ్నార్థకం పెట్టండి. నక్షత్రం గుర్తు వాడొద్దు, అది ఎన్ని అక్షరాలకైనా సరిపోతుంది కాబట్టి పొడవు లెక్క తప్పుతుంది. పెద్ద జాబితా వస్తుంది, ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు, ఎవరూ వాడని పదాలు కూడా అందులోనే. పేర్లు ముందే కొట్టేయండి. వర్డిల్ కోసమైతే ఊరికే చివర ఎస్ తగిలించిన బహువచనాలు కూడా తీసేయొచ్చు, అవి సాధారణంగా జవాబుగా రావు. స్క్రాబుల్‌కి మాత్రం అవే బంగారం, ఉంచుకోండి.